పిల్లల ఫొటోలు ఎక్కడ ఉంచుతున్నారో చెప్పండి: విశాఖ పాఠశాలలకు ఒక తల్లి బహిరంగ లేఖ

విశాఖపట్నం నగరంలోని ప్రైవేటు పాఠశాలల కరస్పాండెంట్లకు, ప్రిన్సిపాళ్లకు,
మార్కుల సాఫ్ట్‌వేర్ తయారుచేసి పాఠశాలలకు అమ్ముతున్న కంపెనీలకు,
విద్యాశాఖ అధికారులకు

నమస్కారం.

నేను తొమ్మిదో తరగతి చదివే అమ్మాయికి తల్లిని. ఎంవీపీ కాలనీలో ఉంటాం. రుషికొండ దగ్గర ఒక ఐటీ కంపెనీలో సర్వర్లు చూసుకునే పని నాది. అందుకే ఈ సంగతి నాకు మిగతా తల్లిదండ్రుల కన్నా కాస్త ముందు అర్థమైంది. మా పిల్లలకు నాలుగు అక్షరాలు నేర్పే మీ మీద గౌరవం ఉండబట్టే ముందు మీ గుమ్మంలోకే వచ్చి చెప్పాను, రాసి కూడా ఇచ్చాను. పని జరగలేదు. ఇక అందరి ముందూ పెట్టడం తప్ప దారి కనిపించలేదు.

జరిగింది ఇది. మా అమ్మాయి చదివే స్కూలు ఈ విద్యా సంవత్సరం నుంచి మార్కులు, హాజరు, ప్రోగ్రెస్ కార్డులు అన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లోకి మార్చింది. స్కూలు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క స్కూలుతో పోయే గొడవ కాదు. జూన్‌లో క్లాసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. పిల్లల పాస్‌పోర్ట్ సైజు ఫొటో క్లాస్ టీచర్ నంబరుకు పంపాలి, క్లారిటీ తగ్గకుండా డాక్యుమెంట్‌గా పంపాలి, గడువులోగా పంపకపోతే ప్రోగ్రెస్ కార్డు రాదు. ఆ ఫొటో ఎక్కడ ఉంచుతారో, ఎవరెవరు చూస్తారో, ఎన్నాళ్లు ఉంచుతారో అందులో ఒక్క ముక్క లేదు. అందరం పంపాం.

ఎఫ్ఏ-1 (ఏడాదిలో మొదటి చిన్న పరీక్ష) మార్కులు వచ్చాక తల్లిదండ్రులకు లాగిన్ ఇచ్చారు. మార్కులు చూడాలంటే పాస్‌వర్డ్ కొట్టాలి, ఓటీపీ కొట్టాలి. అక్కడి దాకా బాగుంది. కానీ ప్రోగ్రెస్ కార్డు మీద ఉన్న ఫొటోను వేలితో నొక్కి పట్టుకుంటే అది వేరే పేజీలో తెరుచుకుంటోంది. ఆ చిరునామా కాపీ చేసి, లాగిన్ కాని ఇంకో ఫోన్‌లో వేసినా ఫొటో వచ్చేస్తోంది. చిరునామా చివర కనిపించేది అడ్మిషన్ నంబరు, దాని తర్వాత జేపీజీ అనే మూడు అక్షరాలు. అంతే.

మా గ్రూపులో ఒకాయనకి ఇద్దరు పిల్లలూ ఇదే స్కూలు. ఇద్దరినీ ఒకే రోజు చేర్పించారు కాబట్టి నంబర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఆయన కూతురి ఫొటో చిరునామాలో చివరి అంకె తీసి కొడుకు అంకె వేశారు. కొడుకు ఫొటో వచ్చి కూర్చుంది. "ఇదేటండీ, ఇలాగైతే స్కూలు స్కూలంతా చూసేయొచ్చు కదా" అన్నారు. వేరే పిల్లల నంబర్లు మేం వేయలేదు, వేయాల్సిన అవసరం కూడా లేదు. రుజువు మా పిల్లల ఫొటోలతోనే దొరికింది.

ఆఫీసులో చెబితే "మార్కులు ఎవరికీ కనపడవు కదా మేడమ్, ఫొటోనే కదా" అన్నారు. ప్రిన్సిపాల్ గారు మర్యాదగా విన్నారు, ఉత్తరం తీసుకున్నారు, కంపెనీతో మాట్లాడతామన్నారు. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, స్కూలు నుంచి రిక్వెస్ట్ వస్తేనే ఏదైనా మారుస్తామన్నారు. స్కూలేమో కంపెనీ చేయాలంటుంది, కంపెనీయేమో స్కూలు అడగాలంటుంది. దసరా సెలవులు అయిపోయాయి, సంక్రాంతి కూడా వెళ్లిపోయింది. ఆ చిరునామా ఇప్పటికీ తెరుచుకుంటూనే ఉంది.

ఒక మాట ముందే చెప్పాలి. మార్కుల సాఫ్ట్‌వేర్‌లో పిల్లల ఫొటో ఉండటాన్ని నేను తప్పుపట్టడం లేదు. అవసరం ఉంది. జూన్‌లో కొత్త సెక్షన్ చేతికొచ్చిన టీచర్‌కు నలభై అయిదు మంది ముఖాలు, పేర్లు ఒక్క వారంలో గుర్తుండవు. ఒకే క్లాసులో ఇద్దరు సాయికిరణ్‌లు, ముగ్గురు లిఖితలు ఉన్న చోట ఒకరి మార్కులు ఇంకొకరికి పడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పేరు పక్కన ముఖం కనిపిస్తే ఆ పొరపాటు అక్కడే ఆగుతుంది. పరీక్ష హాల్లో ఒకరి బదులు ఒకరు కూర్చోకుండా చూడటానికీ ఫొటో కావాలి. కాబట్టి ఫొటో తీసుకోండి. తీసుకున్న దాన్ని మార్కులను ఉంచినంత భద్రంగా ఉంచండి. నా ఉత్తరమంతా ఈ ఒక్క కోరిక గురించే.

తప్పు ఎక్కడ జరుగుతోందో సాఫ్ట్‌వేర్ తెలియని వారికి కూడా అర్థమయ్యేలా చెబుతాను. పిల్లల పేర్లు, మార్కులు డేటాబేస్ అనే వివరాల పట్టికల్లో ఉంటాయి. ఎవరైనా మార్కులు అడిగితే సాఫ్ట్‌వేర్ ముందు వాళ్లెవరో చూస్తుంది, తల్లిదండ్రులా టీచరా అని చూస్తుంది, ఆ తర్వాతే ఇస్తుంది. ఫొటోలు మాత్రం చాలా సాఫ్ట్‌వేర్లలో డేటాబేస్‌లో ఉండవు. సర్వర్‌లో ఒక ఫోల్డర్ పెట్టి అందులో వేస్తారు. ఫలానా ఫోల్డర్‌లో ఫొటోలు ఉన్నాయని సెట్టింగుల ఫైలులో ఒక లైను రాస్తారు. ఒక్కో ఫొటోకు ఆ పిల్లవాడి నంబరే పేరుగా పెడతారు. ఇంతవరకు నష్టం లేదు. అయితే ఆ ఫోల్డర్‌ను ఇంటర్నెట్‌కు నేరుగా తెరుచుకునే చోట పెడితే, ఎవరు అడిగినా సర్వరే ఫొటో తీసి ఇచ్చేస్తుంది. మధ్యలో సాఫ్ట్‌వేర్‌ను అడగదు. లాగిన్ పేజీ ఎంత గట్టిగా కట్టినా ఆ దారిలో అది అడ్డే రాదు. వీధి గుమ్మానికి తాళం వేసి పెరటి తలుపు తీసి పెట్టినట్టు ఉంది మన పిల్లల ఫొటోల పరిస్థితి.

దీనికి మందు పెద్దదేమీ కాదు. ఆ ఫోల్డర్‌ను ఇంటర్నెట్‌కు కనిపించే భాగం నుంచి బయటకు తీయాలి. ఫొటో కావాలన్న ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ ముందు లాగిన్ చూసి, అడిగిన మనిషికి ఆ ఫొటో చూసే హక్కు ఉందో లేదో చూసి, తానే తెచ్చి చూపించాలి. ఫైలు పేరు అడ్మిషన్ నంబరు కాకుండా ఎవరూ ఊహించలేని పొడవాటి అక్షరాల వరసగా ఉండాలి. ఫోల్డర్ పేరు మాత్రమే కొడితే లోపలి ఫైళ్ల జాబితా మొత్తం కనిపించే సదుపాయాన్ని ఆపేయాలి. పనిలో ఉన్నదాన్ని కాబట్టి చెప్పగలను, కోడు తెలిసిన మనిషికి ఇది నెలల తరబడి చేసే పని కాదు.

ఇలాగే వదిలేస్తే ఎవరికి ఏం జరుగుతుందో వరసగా రాస్తున్నాను.

1. ఆడపిల్లల సంగతి ముందు. ఫొటో ఒక్కటే బయటపడితే ఏమవుతుందని అడుగుతున్నారు. ఫొటో ఎప్పుడూ ఒక్కటే బయటపడదు. అది ఏ స్కూలుదో చిరునామాలోనే ఉంటుంది. యూనిఫామ్ రంగు, టై, బ్యాడ్జి ఫొటోలోనే ఉంటాయి. ర్యాంకుల ఫ్లెక్సీలు, స్కూలు ఫేస్‌బుక్ పేజీలో వార్షికోత్సవం ఫొటోలు పక్కన పెట్టుకుంటే పేరూ తరగతీ తెలుసుకోవడం ఎంతసేపు? ముఖం ఎదురుగా స్పష్టంగా ఉన్న ఒక్క ఫొటో దొరికితే చాలు, అసభ్యంగా మార్చే యాప్‌లు ఈరోజు ఎవరి ఫోన్‌లోనైనా ఉంటున్నాయి. అలాంటిది జరిగిన ఇంట్లో ఆ పిల్ల స్కూలుకు వెళ్లనంటుంది. పరువు పోతుందని పెద్దవాళ్లు పోలీసులకు చెప్పరు. సైబర్ నేరాలకు 1930, పిల్లల కోసం 1098 నంబర్లు ఉన్నాయి, అవసరమైతే వాడుకోవాల్సిందే. కానీ ఆ నంబర్లకు ఫోన్ చేయాల్సిన గతి మా పిల్లలకు ఎందుకు పట్టాలి?

2. డాక్యుమెంట్‌గా పంపమన్న ఒక్క మాట వల్ల ఇంటి ఆచూకీ కూడా వెళ్లిపోతోంది. మనలో చాలామంది స్టూడియోకు వెళ్లడం మానేశాం. ఇంట్లోనే తెల్ల గోడ ముందు పిల్లను నిలబెట్టి ఫోన్‌తో తీస్తున్నాం. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఆ ఫొటో ఎక్కడ తీశారో అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైలు లోపల రాసి ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే అలాగే ఉంటాయి. అక్కడి నుంచి సర్వర్‌కు ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తే, ఫొటో దింపుకున్న వాడికి పిల్ల ముఖంతో పాటు ఇల్లు కూడా మ్యాప్‌లో కనిపిస్తుంది. తమ ఫొటోలో ఇదంతా ఉందని ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? తెలుసుకోవాల్సిన బాధ్యత వాళ్లదని కూడా నేను అనను. ఎక్కించేటప్పుడు సాఫ్ట్‌వేరే ఆ వివరాలు తీసేయాలి.

3. టీచర్ల మీద పడుతున్న బరువు. మా అమ్మాయి క్లాస్ టీచర్ గారి సొంత ఫోన్‌లోకి క్లాసులో అందరి ఫొటోలూ వచ్చాయి. పగలు పాఠాలు, సాయంత్రం కరెక్షన్లు, రాత్రి పది దాటాక ఒక్కో ఫొటోను కంప్యూటర్‌లోకి పంపి, నంబరు పెట్టి, ఎక్కించడం. నాలుగు ఎంబీల ఫొటో ఎక్కదు, ఎర్రర్ వస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లు నడిచే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో అప్‌లోడ్ హద్దు మామూలుగా రెండు ఎంబీలు. అది మార్చుకోవచ్చని ఆమెకెవరూ చెప్పలేదు. అందుకని ఏదో ఉచిత వెబ్‌సైటులో పెట్టి ఒక్కొక్కటీ సైజు తగ్గించుకున్నారు. అంటే మన పిల్లల ఫొటోలు ఊరూ పేరూ లేని ఇంకో వెబ్‌సైటుకు కూడా వెళ్లాయి. పైగా ఇప్పటికీ టీచర్ గారి ఫోన్ గ్యాలరీలో ఉన్నాయి. ఆ ఫోన్ ఇంట్లో పిల్లలు ఆడుకునే ఫోన్, రిపేరుకు షాపులో ఇచ్చే ఫోన్. ఆమె తప్పు ఇసుమంతైనా లేదు. సదుపాయం ఇవ్వకుండా పని అప్పజెప్పిన వారిదే తప్పు.

ఇక్కడే ఖర్చు లెక్క కూడా చెబుతాను. పదిహేను వందల మంది ఉన్న స్కూల్లో ఒక్కో ఫొటో నాలుగు ఎంబీలు అయితే మొత్తం ఆరు వేల ఎంబీలు. క్లాసు లిస్టు తెరిస్తే నలభై అయిదు ఫొటోలకు 180 ఎంబీలు, అదీ టీచర్ సొంత డేటాతో. 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు ఉండే పాస్‌పోర్ట్ ఫొటోను నీటుగా ప్రింట్ తీయడానికి 413 పిక్సెళ్ల వెడల్పు, 531 పిక్సెళ్ల ఎత్తు సరిపోతాయి. ఆ సైజుకు కుదిస్తే ఒక్కోటి వంద కేబీలకు అటూ ఇటూగా ఉంటుంది. స్కూలు మొత్తం 150 ఎంబీల్లో పడుతుంది. ఎక్కించే సమయంలో సాఫ్ట్‌వేరే ఫొటోను ఇలా కుదించి, పాత వివరాలేవీ లేకుండా కొత్త ఫైలుగా రాసుకుంటే లొకేషన్ కూడా పోతుంది, టీచర్‌కు రాత్రి పనీ తప్పుతుంది.

4. ఒకరి ముఖం ఇంకొకరి కార్డు మీద. కొన్ని స్కూళ్లలో ఫొటో ఫైలుకు అడ్మిషన్ నంబరు కాకుండా రోల్ నంబరు పెడుతున్నారు. రోల్ నంబరు ఏటా మారుతుంది, సెక్షన్లు కలిపితే మధ్యలోనూ మారుతుంది. ఫైలు పేరు మాత్రం మారదు. మాకు తెలిసిన ఒక కుటుంబంలో ఏడో తరగతి పిల్ల ప్రోగ్రెస్ కార్డు మీద వేరే పిల్ల ఫొటో వచ్చింది. ఆ తల్లి చేపల రేవులో పనిచేస్తుంది, చదువుకోలేదు. కార్డు చేతిలో పెట్టగానే ఆమె చూసేది ఫొటోయే. "ఇది మా పిల్ల కాదమ్మా" అని తిరిగిచ్చేసింది. మార్కులు ఆ పిల్లవే, ఫొటో మారిందని నచ్చజెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆ పూట కూలి పోయింది. దాన్ని సరిచేయించడానికి మళ్లీ వెళితే ఇంకో పూట పోయింది. మార్కులైనా సరిగ్గా పడ్డాయో లేదోనన్న టెన్షన్ ఆమెకు ఇప్పటికీ తీరలేదు. చదువు రాని తల్లిదండ్రులకు ఆ కార్డు మీద నమ్మకం ఫొటో దగ్గరే మొదలవుతుంది. దాన్ని నంబర్ల గజిబిజికి వదిలేయకండి. సాఫ్ట్‌వేర్ ప్రతి విద్యార్థికీ లోపల ఒక నంబరు ఇస్తుంది, అది బడిలో ఉన్నన్నాళ్లూ మారదు. ఫొటోను దానికే ముడిపెట్టాలి.

5. వెళ్లిపోయిన పిల్లలు. టీసీ తీసుకుని వెళ్లిన పిల్లల పేర్లు లిస్టులోంచి పోతాయి. ఫోల్డర్‌లో ఫొటోలు పోవు. పదో తరగతి అయిపోయి కాలేజీలో చేరిన పిల్లల చిన్ననాటి ఫొటోలు అలా పడే ఉంటాయి. స్కూలు కంపెనీని మార్చిందనుకోండి, పాత కంపెనీ సర్వర్‌లో ఉన్నవాటిని అడిగే దిక్కే ఉండదు.

6. రెండో కాపీ లేక, పోతే పోయినట్టే అనే సమస్య. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీద విరుచుకుపడినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, కిటికీలు పగిలి ఆఫీసుల్లోకి నీళ్లొచ్చి కాగితాలు, కంప్యూటర్లు తడిసి ముద్దయిన సంగతి విశాఖ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ రోజుకీ కొన్ని స్కూళ్లలో సర్వర్ అంటే ఆఫీసు గదిలో టేబుల్ కింద ఉన్న ఒక కంప్యూటర్. సముద్రం పక్కన ఊరు మనది. రెండో కాపీ వేరే ఊళ్లో ఉండాలి, ఆ కాపీ కూడా పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోకుండా ఎన్‌క్రిప్ట్ చేసి ఉండాలి. కంప్యూటర్ ఆపరేటర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి తీసుకెళ్లేదాన్ని బ్యాకప్ అని నేను ఒప్పుకోను.

ఇవన్నీ ఎక్కడో ఒకచోట జరిగే చిన్న స్కూళ్ల ఇబ్బందులు అనుకునేవాళ్లు అమెరికా వైపు చూడాలి. అక్కడ వేలాది స్కూళ్లు మార్కులు, హాజరు కోసం వాడే పవర్‌స్కూల్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి 2024 డిసెంబరులో దొంగలు పడ్డారు. వాళ్లు బద్దలు కొట్టిందేమీ లేదు. దొంగిలించిన ఒక లాగిన్‌తో కంపెనీ సపోర్ట్ పోర్టల్‌లోకి వెళ్లి విద్యార్థుల, టీచర్ల వివరాలు పట్టుకుపోయారు. ఆ దొంగలకు కంపెనీ డబ్బు కట్టింది. అయినా 2025 మేలో స్కూళ్లకే నేరుగా బెదిరింపులు వచ్చాయి. ఆ కేసులో నేరం ఒప్పుకున్న వాడి వయసు 19 ఏళ్లు, కాలేజీ విద్యార్థి. అంత పెద్ద కంపెనీకే ఒక్క లాగిన్ జారిపోతే ఆ గతి పట్టింది. లాగిన్ అడగకుండానే ఫొటో ఇచ్చే మన దగ్గర ఎవరైనా దొంగతనం చేయాల్సిన పని కూడా లేదు.

చట్టం సంగతి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండని వారిని అది పిల్లలుగా లెక్కిస్తుంది. వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, ఆ అనుమతి నిజంగా వాళ్లే ఇచ్చారని సరిచూసుకోవాలని చెబుతోంది. దేనికోసం తీసుకుంటున్నారో నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలుండాలి. ఆ భాషల్లో తెలుగు ఉంది. అవసరం తీరాక డేటా చెరిపేయాలి. సరైన రక్షణ ఏర్పాట్లు లేక డేటా బయటపడితే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. పిల్లల డేటా విషయంలో ఉన్న ప్రత్యేక బాధ్యతలు తప్పితే 200 కోట్ల దాకా ఉంది. ఇంకా ముఖ్యమైనది ఏమిటంటే, పని కంపెనీకి అప్పజెప్పినా బాధ్యత డేటా తీసుకున్న వారిదే. అంటే స్కూలుదే. "కంపెనీ చూసుకుంటుంది" అన్న జవాబు ఈ చట్టం ముందు నిలవదు.

నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. ఇంకా టైముంది కదా అని ఒక కరస్పాండెంట్ గారు అన్నట్టు విన్నాను. ఆ గడువు ఏర్పాట్లు చేసుకోమని ఇచ్చింది, చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. స్కూళ్లకు కొన్ని మినహాయింపులు కూడా ఉన్నాయి, చదువు కోసం, పిల్లల భద్రత కోసం వాళ్లను గమనించే విషయంలో. ఫొటోల ఫోల్డర్‌ను ఊరంతటికీ తెరిచి పెట్టుకోవచ్చన్న మినహాయింపు మాత్రం ఎందులోనూ లేదు.

అపార్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే జాతీయ గుర్తింపు నంబరు) ఇచ్చేటప్పుడు పన్నెండు అంకెల కోసం తల్లిదండ్రుల సంతకంతో అంగీకార పత్రం తీసుకున్నారు. పిల్ల ముఖం తీసుకోవడానికి ఒక వాట్సాప్ మెసేజ్ సరిపోతుందా?

కాబట్టి మా డిమాండ్లు ఇవి. ఎవరు చేయాల్సింది వాళ్లకు విడిగా రాస్తున్నాను.

పాఠశాలల యాజమాన్యాలకు: మీ కంపెనీకి ఈ వారమే ఒక ఉత్తరం రాయండి. లాగిన్ లేకుండా ఫొటో తెరుచుకుంటోందా లేదా అని రాతపూర్వకంగా జవాబు అడగండి. ఆ జవాబు వచ్చేదాకా ఆగనక్కర్లేదు, మీ ఆఫీసులోనే ఒక ఫోన్ తీసుకుని మీ సొంత పిల్లల ఫొటోతో చూసుకోండి. తెరుచుకుంటే, సరిచేసే వరకు ఆ ఫోల్డర్‌ను ఆపేయించండి. నాలుగు రోజులు ప్రోగ్రెస్ కార్డు మీద ఫొటో లేకపోతే ఎవరి చదువూ ఆగదు. వచ్చే జూన్‌లో ఫొటోలు అడిగేటప్పుడు తెలుగులో ఒక పేజీ ఇవ్వండి: ఎందుకు, ఎక్కడ, ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు, ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి. చదువు రాని తల్లిదండ్రులకు మీటింగులో చదివి వినిపించండి. ఫొటో ఇవ్వడం ఇష్టం లేదన్న తల్లిదండ్రుల పిల్లలకు ప్రోగ్రెస్ కార్డు ఆపకండి. ఫొటోలు టీచర్ల సొంత ఫోన్లలోకి పంపించే పద్ధతి ఆపండి. స్కూల్లోనే ఒక రోజు కెమెరా పెట్టి, స్కూలు కంప్యూటర్‌లోకి నేరుగా తీయించండి. తల్లిదండ్రులకు స్టూడియో ఖర్చూ తప్పుతుంది. ఇప్పటికే టీచర్ల ఫోన్లలో ఉన్నవి వాళ్ల చేతే చెరిపించండి. టీసీ ఇచ్చే రోజు చేయాల్సిన పనుల్లో ఫొటో చెరిపే పని కూడా ఒకటిగా రాసుకోండి.

సాఫ్ట్‌వేర్ కంపెనీలకు: పైన చెప్పిన మార్పు ఒక స్కూలు అడిగితే ఆ స్కూలుకు మాత్రమే చేసేది కాదు. మీ సాఫ్ట్‌వేర్ వాడే అందరికీ చేయండి, అడగకముందే చేయండి, దానికి అదనపు ఛార్జీ వేయకండి. ఇంకో సంగతి. ఫొటో ఎక్కడం లేదని స్కూలు ఫోన్ చేస్తే, మీ ఇన్‌స్టలేషన్ కుర్రాళ్లు ఆ ఫోల్డర్‌కు ఎవరైనా ఏదైనా రాసుకునే అనుమతి ఇచ్చేసి వచ్చేస్తున్నారు. అప్పటికి పని అయిపోతుంది. కానీ ఫొటో పేరుతో వేరే ప్రోగ్రామ్ ఫైలు ఎక్కించి సర్వర్ మొత్తం చేతిలోకి తీసుకునే దారి అక్కడే పడుతుంది. సాఫ్ట్‌వేర్ నడిచే యూజర్‌కు మాత్రమే రాసే అనుమతి ఇవ్వండి. వచ్చిన ఫైలు నిజంగా ఫొటోయేనా అని లోపల చూసి, కుదించి, కొత్తగా రాసుకున్నాకే దాచండి. ఆ ఫోల్డర్‌లో ఏ ప్రోగ్రామూ నడవకుండా సర్వర్ సెట్టింగుల్లో ఆపండి. ఏ ఫొటో ఎవరు ఎప్పుడు చూశారో రికార్డు ఉంచండి. స్కూలు మిమ్మల్ని మానుకున్న రోజు ఫొటోలన్నీ అప్పజెప్పి, మీ దగ్గరున్నవి, బ్యాకప్‌లో ఉన్నవి కూడా చెరిపేశామని రాసివ్వండి. ఏదైనా బయటపడితే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు ఆరు గంటల్లో చెప్పాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు ఉన్నాయి. అదే రోజు స్కూలుకూ చెప్పండి, స్కూలు మాకు చెప్పాలి.

విద్యాశాఖ అధికారులకు: అయ్యా, అమ్మా, స్కూళ్లను తనిఖీ చేసేటప్పుడు మీరు మరుగుదొడ్లు చూస్తారు, అగ్నిమాపక అనుమతి చూస్తారు, బస్సుల ఫిట్‌నెస్ అడుగుతారు. అవన్నీ పిల్లల భద్రత కోసమే. పిల్లల ఫొటోలు, వివరాలు ఎక్కడ ఉంచారన్న ప్రశ్న కూడా ఆ పట్టికలో చేర్చండి. గాజువాక నుంచి మధురవాడ దాకా, పెందుర్తి నుంచి జగదాంబ దాకా ప్రతి స్కూలూ తాను వాడే సాఫ్ట్‌వేర్ పేరు, ఫొటోలు ఉన్న చోటు, తల్లిదండ్రుల అనుమతి పత్రం నమూనా మీకు సమర్పించేలా ఒక సర్క్యులర్ ఇవ్వండి. ఫిర్యాదు వస్తే ఎవరు చూడాలో ఒక అధికారిని నియమించి, ఆ వివరాలు ప్రతి స్కూలు నోటీసు బోర్డు మీద పెట్టించండి. ఇప్పుడు మాకు ఎవరి దగ్గరకు వెళ్లాలో తెలియడం లేదు. చిన్న స్కూళ్లకు ఇదంతా తెలియకపోవచ్చు, వాళ్లను జరిమానాలతో భయపెట్టే కన్నా ముందు ఒక రోజు శిక్షణ ఇప్పించండి. నగరంలో ఐటీ ఉద్యోగులకు కొదవ లేదు. నాతో పాటు మరికొందరు వచ్చి ఉచితంగా చూపించడానికి సిద్ధంగా ఉన్నాం.

తోటి తల్లిదండ్రులను కూడా ఒక్క మాట అడుగుతున్నాను. మీ పిల్ల ప్రోగ్రెస్ కార్డులోని ఫొటోతో మాత్రమే ఈ పరీక్ష చేసి చూడండి. అంకెలు మార్చి పక్క పిల్లల ఫొటోలు తెరవకండి, గ్రూపుల్లో ఆ చిరునామాలు పెట్టకండి. తెరుచుకుంటే స్క్రీన్‌షాట్ తీసి, తేదీ వేసి, స్కూలుకు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. క్లాస్ టీచర్ మీద కోప్పడకండి.

వార్షిక పరీక్షలు అయ్యేలోపు స్కూళ్ల నుంచి, కంపెనీల నుంచి రాతపూర్వకంగా జవాబు కావాలి. జూన్‌లో బడులు తెరిచేనాటికి ఫొటోలన్నీ లాగిన్ వెనక్కి వెళ్లిపోవాలి. అప్పటికీ ఆ చిరునామా తెరుచుకుంటే, మా దగ్గర ఉన్న ఉత్తరాల కాపీలు, స్క్రీన్‌షాట్లు, తల్లిదండ్రుల సంతకాలు తీసుకుని జిల్లా కలెక్టర్ గారి దగ్గరకు, బాలల హక్కుల కమిషన్ దగ్గరకు వెళతాం.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని తల్లి,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం